చలానా ఎవరి పేరున వస్తుంది?



నాలుగురోడ్ల కూడలిలో స్తంభానికి బిగించిన కెమేరా గురించి ఈమధ్య ఏ ఇంట్లో చూసినా వాదనే. "ఖజానా నింపుకోవడానికి పెట్టారు" అంటారొకరు. "అది లేకపోతే ఎర్రదీపం దగ్గర ఎవరు ఆగుతారు?" అంటారింకొకరు. మగవారు కాఫీ తాగుతూ ఈ వాదన తేల్చుకునేలోగా చలానా మాత్రం మన పేరున వచ్చి కూర్చుంటుంది. ఎందుకంటారా? చాలా ఇళ్ళల్లో స్కూటరు ఇల్లాలి పేరున కొంటారు. నడిపేది అబ్బాయో, మరిదో, శ్రీవారో. కెమేరా నంబరు ప్లేటును ఫోటో తీస్తుంది. ఆ నంబరు ఎవరి పేరున నమోదై ఉందో చూసి, నోటీసు ఆ పేరుకే పంపుతారు. కనుక ఈ గొడవ మనకు పట్టనిదని ఊరుకోవడానికి లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నేను కెమేరాలకు వ్యతిరేకిని కాను. నడిరోడ్డున బండి ఆపి, తాళంచెవి లాక్కుని, బేరాలాడే పద్ధతికంటే ఇది ఎంతో నయం. పెద్దవారి కారైనా, కూరగాయలమ్ముకునేవాడి మోపెడైనా దాని కంటికి ఒకటే. కాని కెమేరా తెచ్చి పెట్టడం వేరు, దానితో పని సక్రమంగా చేయించడం వేరు.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు ఇలాంటి యంత్రాల కోసం 136ఎ అనే సెక్షను చేర్చారు. దానికి 2021 ఆగస్టులో వచ్చిన నిబంధనలు చదివితే ముచ్చట వేస్తుంది. కెమేరా ఉన్నచోట అందరికీ కనబడేటట్టు హెచ్చరిక బోర్డు ఉండాలన్నారు. యంత్రం సరిగా పనిచేస్తోందని ఏటా ధ్రువపత్రం ఉండాలన్నారు. తప్పు జరిగిన 15 రోజులలోగా నోటీసు పంపాలన్నారు. ఈ 15 రోజుల మాట రాసినవారెవరోగాని, పిల్లల్ని పెంచినవారే అయివుంటారు. సంక్రాంతికి చేసిన అల్లరికి ఉగాదినాడు కేకలేస్తే ఏ పిల్లవాడు వింటాడు? "ఎప్పుడు? నేనా?" అంటాడు. నోటీసు వెంటనే వస్తే అబ్బాయిని పిలిచి, ఫోటో చూపించి, నిలదీయవచ్చు. పదో పన్నెండో పేరుకున్నాక తెలిస్తే అదొక అప్పుల చిట్టాలాగే కనిపిస్తుంది.

అట్లా పేరుకున్నవాటిని వసూలు చేయడానికి తెలంగాణలో రాయితీలు ప్రకటించారు. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు 26 నుంచి మళ్ళీ, ఈసారి 80 శాతం. అంటే వెయ్యి రూపాయల జరిమానాకు రెండువందలు కడితే సరి. కట్టినవారికి సంతోషమే. మరి వచ్చిన రోజునే పూర్తిగా కట్టేసిన ఇల్లాలి మాటేమిటి? మా వీధిలో ఒకావిడ పాల బాకీ అయినా, కరెంటు బిల్లయినా గడువు దాటనివ్వదు. చలానా కూడా అట్లాగే కట్టింది. పక్కింటివారు ఆగి, అయిదోవంతుతో బయటపడ్డారు. "వదినా, నేను చేసిన తప్పేమిటి?" అని ఆవిడ అడిగితే నేనేం చెప్పను? ఆషాఢమాసం చీరల తగ్గింపులాగా జరిమానాకూ తగ్గింపు వస్తుందని జనానికి అలవాటైతే ఎర్రదీపానికి విలువేముంటుంది? ఖజానా కోసమే ఇదంతా అనేవారికి ఈ తగ్గింపులే బలం ఇస్తున్నాయి.

కెమేరాకు విచక్షణ తెలియదనేది ఇంకొక ఆరోపణ. ఇది నిజమే. వెనకనుంచి 108 బండి కూత పెడుతూ వస్తోంది, దారి ఇవ్వడానికి తెల్లగీత దాటి పక్కకు జరిగామనుకోండి. కూడలిలో మనిషి ఉంటే చూసి ఊరుకుంటాడు. కెమేరాకు గీత దాటిన చక్రమే కనబడుతుంది. అటు చూస్తే అంబులెన్సుకు దారి ఇవ్వనివారికి 2019 సవరణలోనే 10 వేల రూపాయల జరిమానా రాశారు! నోటీసు పంపేముందు ఆ ఫోటోను బుద్ధిగల మనిషి ఒకరు చూసి తీరాలి.

కేరళలో 2023 జూన్ 5 నుంచి 726 కెమేరాలతో జరిమానాలు మొదలుపెట్టారు. అక్కడ అసలు గొడవ పిల్లల దగ్గర వచ్చింది. చట్టం ప్రకారం రెండు చక్రాల బండిమీద ఇద్దరే వెళ్ళాలి. ఒక్క స్కూటరే ఆధారమైన సంసారం పసిపిల్లను ఎక్కడ వదిలి వెళ్తుంది? ఈ మాటమీద అక్కడి ప్రభుత్వం కేంద్రాన్ని సడలింపు కోరి, ఈలోగా తల్లిదండ్రుల మధ్య కూర్చున్న పన్నెండేళ్ళలోపు పిల్లకు జరిమానా వేయబోమని చెప్పింది. తల్లుల కష్టం ఒకరు విన్నందుకు నాకు సంతోషమే. కాని ఆ పిల్ల తలకు ఏముంది? నాలుగేళ్ళు దాటిన ప్రతివారికీ హెల్మెట్ ఉండాలని 129వ సెక్షను చెబుతోంది. నాలుగేళ్ళలోపు పిల్లలకు హెల్మెట్‌తోపాటు, నడిపేవారికి కలిపి కట్టే పట్టీ ఉండాలనీ, వేగం 40 కిలోమీటర్లు మించకూడదనీ చెప్పే నిబంధన 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులోకి వచ్చింది. మన సంగతో? ముందు కూర్చున్న ఆయనకు హెల్మెట్, వెనక మనకు మల్లెచెండు! ముడి నలుగుతుందట. ఈ ఒక్క విషయంలో మనమీద చలానా పడితే నేను కెమేరా పక్షమే.

మధ్యాహ్నం పని తెమిలాక బీరువాలోంచి బండి రిజిస్ట్రేషన్ కార్డు తీయండి. అది ఎవరి పేరున ఉందో, దానికి జతచేసిన ఫోను నంబరు మనదేనా, లేక అమ్మిన దుకాణంవారు ఏదో ఒకటి రాసేశారా కనుక్కోండి. ఎప్పుడో అమ్మేసిన పాత స్కూటరు ఇంకా మన పేరునే ఉంటే దాని నోటీసులూ మనకే వస్తాయి. చలానా వచ్చినప్పుడు ముందు ఫోటో చూడండి. బండి రంగు, నంబరులోని ప్రతి అంకె సరిచూడండి. మనది కాకపోతే ఫిర్యాదు చేయండి. చలానా పేరు చెప్పి వాట్సప్‌లో ఏదో ఫైలు పంపి, అది తెరవగానే బ్యాంకులో సొమ్ము కాజేసే దొంగలున్నారు, వాటిని ముట్టుకోకండి. ప్రభుత్వంవారి వెబ్‌సైటులో బండి నంబరు మనమే కొట్టి చూసుకోవాలి. అది చేతకాకపోతే అబ్బాయిని పక్కన కూర్చోబెట్టి చూపించమనండి, ఎర్రదీపం దాటినవాడు అతనే అయినాసరే.