కుండీలోని మల్లెకు కొత్త మన్ను

నేల కరవైన పట్టణపు ఇండ్లలో మల్లె కుండీలోనే పెరుగవలసియున్నది. కొన్ని ఏండ్లు విరగబూసిన గుండుమల్లె అటుపిమ్మట ఆకు వేయునే గాని మొగ్గ తొడుగదు. ఉదయము నీరు పోసినను మధ్యాహ్నమునకే వాడును. చెట్టు ముసలిదైనదని పారవేయువారు కలరు. ఎరువు మీద ఎరువు వేయువారును కలరు. పుట్టింటినుండి తెచ్చి నాటుకొన్న మొక్కను పారవేయుట ఎంత కష్టమో ఇల్లాండ్రకు తెలియును. పారవేయనక్కరలేదని చెప్పుటకే మా ఈ ప్రసంగము.

లోపము వయసులో లేదు, చోటులో ఉన్నది. మొక్కను పెకలించి చూచినచో వేళ్లు కుండీ గోడవెంట చుట్టకుదురువలె బిగిసియుండును. వాటికి మన్నే మిగులలేదు.

మన నల్లరేగడి ప్రత్తికిని మిరపకును పెన్నిధి. పొలములో నీటిని దాచియుంచు ఆ గుణమే కుండీలో దోషమగును. తడిసినపుడు ఉబ్బి వేళ్లకు గాలి అందనీయదు. ఎండినపుడు కుంచించుకొని గోడను వదలును. పోసిన నీరు ఆ సందున జారిపోవును. కనుక ఎర్రమన్ను రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగుగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలుపుకొనవలెను.

మల్లె విశ్రమించు డిసెంబరు, జనవరి నెలలు ఈ పనికి అనువైనవి. ముందునాడు నీరు పోసి, మరునాడు మొక్కను మన్నుగడ్డతో వెలికి తీయవలెను. పదునైన కత్తితో చుట్టును, అడుగునను ఉన్న వేళ్లలో మూడవ వంతు మించకుండ కోయవలెను. వేళ్లు తగ్గినంత కొమ్మలును తగ్గవలెను. లేనిచో తగ్గిన వేళ్లు అన్ని ఆకులకు నీరందింపజాలవు. మల్లె కొత్త చిగుళ్లమీదనే పూయును గనుక ఈ కత్తిరింపు పూతకును మేలే. కుండీ అడుగు రంధ్రముపై పెంకుముక్క ఉంచి, కొత్త మన్నుతో నాటి, నిండుగ నీరు పోసి, రెండు వారములు నీడన ఉంచవలెను. నెలవరకు వేరే ఎరువు వలదు. కొన్ని ఆకులు పండి రాలినను బెదరనక్కరలేదు.

వేరు కోయుటకు చేయి రానివారు ముందటి వానకాలముననే ఒక కొమ్మను వంచి వేరొక కుండీలోని మన్నున కప్పి, వేరూనిన పిదప వేరుచేసికొనవచ్చును. జపానువారి బోన్సాయి చెట్లు వందల ఏండ్లు చిన్న పళ్లెములలో బ్రతుకుచున్నవన్నచో, వేళ్లు కత్తిరించి మన్ను మార్చుచుండుటయు అందులకొక కారణము. రెండు మూడేండ్లకొకసారి ఈ శ్రమ పడినచో, ఆ పాత మల్లెయే మరల వేసవి సాయంకాలములకు పూలనిచ్చును.