క్రిమి యూపిరి



ముప్పదియేండ్లకు పైగా బాలురకు వ్యాకరణము చెప్పి విశ్రాంతి నొందినవాడను. జీవరసాయన శాస్త్రముతో నాకేమి పని యని మీరడుగవచ్చును. నా పూర్వశిష్యుడొకడు క్షయరోగపీడితుడై, వెనుకటి మందులకు లొంగని దశలో బెడాక్విలిన్ అను మాత్రలు వాడుచుండెను. చూడబోయిన నాతో నతడు, "గురువుగారూ, ప్రతిపదమునకును వ్యుత్పత్తి చెప్పెడివారు గదా! ఈ మాత్ర లోపల నేమి చేయునో సెలవిండు" అనెను. నేను చెప్పజాలనైతిని. ఆ ఋణమును నేడు తీర్చుకొనుచున్నాను.

1882లో కాక్ పండితుడు కనుగొనిన క్షయక్రిమికి ఊపిరితిత్తులు లేవు. శ్వాస మాత్రము కలదు. మన కణములలో నీ కార్యము మైటోకాండ్రియా లను లోపలి గదులయందు జరుగును. క్రిమికి గదులు లేవు. దాని శ్వాసయంత్రములు కణమును జుట్టిన పొరలోనే నాటుకొనియుండును. ఆ పొర మందము మిల్లీమీటరులో సుమారు రెండులక్షలవ వంతు.

యంత్రములలో కొన్ని యేతముల వంటివి. ఆహారమునుండి వచ్చిన ఎలక్ట్రానులను చేతినుండి చేతికందించి, తుదకు ప్రాణవాయువున కప్పగించుచు, ఆ యూపున ప్రోటానులను వెలికి తోడును. 1995లో ఫ్రాంక్‌ఫర్టున హార్ట్‌మూట్ మిచెల్ బృందమువారు పారకాకస్ అను క్రిమియొక్క ఇట్టి యేతమును ఎక్స్ కిరణములతో పరిశీలించిరి. పొరకడ్డముగా 22 మెలికల స్తంభములును, వాని నడుమ ఇనుము, రాగి పరమాణువులును గానవచ్చినవి.

మరియొక యంత్రము జలచక్రము వంటిది. వెలుపల నిండిన ప్రోటానులు లోనికి మరలి ప్రవహించునపుడు చక్రము తిరిగి, ఏ.టి.పి. యను శక్తిద్రవ్యమును గూర్చును. ఈ ప్రవాహసిద్ధాంతమును 1961లో పీటర్ మిచెల్ ప్రతిపాదించెను. ఏ.టి.పి.ని 1929లో కనుగొనినవారిలో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరని తెలిసి నా మనస్సు పొంగినది.

క్షయక్రిమికి దాయాదియైన యొక సాధుక్రిమి చక్రమును మందుతోగూడ అతిశీతలమున బిగించి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో తీసిన రూపము 2021లో వెలువడినది. అందు 9 భాగములు వలయముగా గూడియున్నవి. ఒక్కొక్క భాగము ఒక్కొక్క ప్రోటానును మోయును. ఒక్క చుట్టునకు 3 ఏ.టి.పి. అణువులు పుట్టును. బెడాక్విలిన్ ఆ భాగముల సందున జొచ్చి, బండిచక్రమునకు బెట్టిన అడ్డుకర్రవలె నిలుచును. చక్రమాగును; క్రిమి కృశించును. మన చక్రమునకు భాగములు 8, కూర్పును వేరు. కావున మందు పట్టు ప్రధానముగా క్రిమిమీదనే.

అయిన నొక్క హెచ్చరిక. అక్షరమొకటి మారిన అర్థము మారునట్లు, ఆ వలయమున ఒక్క అంశము మారినను మందు పట్టు తప్పవచ్చును. మరియు ఏతమొకటి మూయబడిన, బి.డి. యను దొడ్డిదారి యంత్రముతో క్రిమి ప్రాణవాయువునందుకొనగలదు. అందుచేతనే వైద్యు లీ మాత్రను ఒంటరిగా నీయరు, తోడుమందులతో నిత్తురు. నడుమ మానుట శత్రువునకు పాఠము నేర్పుటయే.

నా శిష్యుడు ఒక్క పూటయు మానలేదు. నేడు స్వస్థుడై తన పొలము తాను చూచుకొనుచున్నాడు. మొన్న వచ్చినపుడు ఈ వ్యుత్పత్తి యంతయు జెప్పితిని. విని, "ఆలస్యమైనను పాఠము పూర్తియైన"దని నవ్వెను.

సెలవు.