సృష్టికర్త గురించి ఒక అవ్వ అడిగిన రెండు ప్రశ్నలు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





క్రితం ఏడాది మేము నడిపిన ఉచిత వైద్య శిబిరానికి ఒక క్రైస్తవ అవ్వ వచ్చింది. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. డాక్టరుగారు చీటీ రాసిచ్చారు. మందుల బల్ల దగ్గరకు వచ్చి ఆమె చెయ్యి చాపలేదు. "ఇది మీవాళ్ల సొమ్ము కదా బాబూ, నేను తీసుకోవచ్చా?" అంది. తీసుకోవచ్చమ్మా అన్నాం. మందులు కొంగున కట్టుకుని వెళ్లబోతూ ఆగి, "మీ దేవుడూ మా దేవుడూ ఒకరేనా బాబూ?" అని అడిగింది. వరుసలో జనం ఎక్కువగా ఉన్నారు. ఆ రెండో ప్రశ్నకు ఆ రోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. ఈ రోజు చెప్పడానికి ప్రయత్నిస్తాం.

ముందుగా మన పొరుగువారి విశ్వాసం ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. బైబిల్లో మొదటి గ్రంథం ఆదికాండము. అది ఆకాశాన్ని, భూమిని దేవుడు సృష్టించడంతోనే ఆరంభమవుతుంది. క్రీ.శ. 325లో నేటి టర్కీ దేశంలోని నైసియా పట్టణంలో క్రైస్తవ మతపెద్దలు సమావేశమై ఒక విశ్వాస ప్రమాణం రూపొందించారు. అందులోనూ మొట్టమొదటి మాట సర్వశక్తిమంతుడైన సృష్టికర్త ఒక్కడే అన్నది. అంటే క్రైస్తవుడు యేసు గురించి చెప్పేముందు సృష్టికర్త గురించి చెబుతాడు. పునాది అది.

ఆ పునాది దగ్గర మనకూ వారికీ దూరం లేదు. సూరా హష్ర్ చివరి ఆయతులలో అల్లాహ్‌కు ఖాలిఖ్, బారీ, ముసవ్విర్ అనే మూడు నామాలు వరుసగా వస్తాయి. సంకల్పించి సృష్టించేవాడు, ఉనికిలోకి తెచ్చేవాడు, రూపమిచ్చేవాడు అని వాటి భావం. ఆరు దినాల సృష్టి ప్రస్తావన రెండు గ్రంథాల్లోనూ ఉంది. ఏడో దినాన దేవుడు విశ్రమించాడని ఆదికాండము అంటుంది. అల్లాహ్‌కు ఏ అలసటా తాకలేదని సూరా ఖాఫ్ స్పష్టం చేస్తుంది. అయితే దేవుడు అలసిపోడని బైబిల్లోని యెషయా గ్రంథం కూడా చెబుతుంది. కాబట్టి ఆ విశ్రాంతిని అలసట అని క్రైస్తవ పండితులు అర్థం చెప్పరు. పొరుగువారి మాటను వారి అర్థంలోనే వినడం న్యాయం.

ఇక భేదం. దాన్ని దాచిపెట్టి చేసే స్నేహం ఎక్కువకాలం నిలవదు. నైసియాలో చర్చించిన అసలు సంగతి ఇదే: యేసు సృష్టికర్త వైపు ఉన్నారా, సృష్టి వైపు ఉన్నారా? అలెగ్జాండ్రియాకు చెందిన ఆరియస్ అనే మతాచార్యుడు, కుమారుడు కూడా సృష్టించబడినవాడే అన్నాడు. సభ ఆ మాటను తోసిపుచ్చింది. కుమారుడు సృష్టి కాదని, సమస్తమూ ఆయన ద్వారానే కలిగిందని నిర్ణయించింది. సృష్టికర్త వాక్యమే మనిషిగా వచ్చిందన్నది వారి నమ్మకం. త్రిత్వం అనే సిద్ధాంతం ఇందులో నుంచే వికసించింది.

మన తౌహీద్ దీన్ని అంగీకరించదు. అల్లాహ్ తప్ప ఉన్నదంతా సృష్టే. తండ్రి లేకుండా పుట్టిన హజ్రత్ ఈసా (అ)ను, మట్టి నుంచి పుట్టిన హజ్రత్ ఆదమ్ (అ)తో పోల్చి, ఇద్దరూ "కున్" అన్న ఆజ్ఞతో కలిగినవారేనని సూరా ఆలి ఇమ్రాన్ బోధిస్తుంది. మనం ఈసా (అ)ను ప్రవక్తగా ప్రేమిస్తాం, ఆరాధించం. కాబట్టి అవ్వకు మా జవాబు ఇది: "అమ్మా, మనల్ని చేసినవాడు ఒక్కడే. ఆయన్ని తెలుసుకున్న తీరులో మాత్రం మనకు భేదం ఉంది."

దేవుడు సర్వశక్తిమంతుడైన సృష్టికర్త అని నమ్మితే క్రైస్తవుని బతుకులో ఏం మారుతుంది? రెండు సంగతులు చెబుతాం.

మొదటిది కష్టకాలంలో నిబ్బరం. బైబిల్లో యోబు అనే భక్తుడు సంపద, సంతానం, ఆరోగ్యం పోగొట్టుకుని దేవుణ్ణి నిలదీస్తాడు. దేవుడు కారణాలు వివరించడు. భూమికి పునాదులు వేసిననాడు నువ్వెక్కడున్నావని ఎదురు ప్రశ్నిస్తాడు. చేసినవాడికి తెలుసు, నాకు తెలియకపోయినా ఫరవాలేదు అన్న ధైర్యం అక్కడ పుడుతుంది. మనకు ఆయనే హజ్రత్ అయ్యూబ్ (అ), సహనానికి మారుపేరు.

రెండోది సేవ. చేసినవాడు ఒక్కడైతే, ఆకలితో ఉన్న ఏ మనిషీ పరాయివాడు కాడు. మెదక్ చర్చిని చూసినవారు మనలో చాలామంది ఉన్నారు. కరువు కాలంలో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మతాచార్యుడు ఆకలితో ఉన్నవారికి పని కల్పించి, తిండి పెడుతూ దాన్ని కట్టించారు. 1914లో మొదలైన పని పదేళ్లు సాగింది. 1924 డిసెంబర్ 25న ఆలయం ప్రారంభమైంది. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీల వైద్యానికి తన జీవితాన్నే ధారపోశారు. ఈ మేలును ఒప్పుకోవడానికి మనకు సంకోచం అక్కర్లేదు. మక్కాలో హింసకు గురైన తొలి ముస్లింలకు ఆశ్రయమిచ్చినవాడు అబిసీనియాను ఏలిన క్రైస్తవ రాజు నజాషీయే కదా.

ఇక్కడ ఒక అద్భుతమైన పోలిక ఉంది. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో తీర్పు దినాన రాజు, ఆకలిగొన్నవాడికి పెట్టిన అన్నం తనకే పెట్టినట్టని అంటాడు. నిన్నెప్పుడు చూశామని నీతిమంతులు ఆశ్చర్యపోతారు. సహీహ్ ముస్లింలోని ఒక హదీసె ఖుద్సీలో, తాను జబ్బుపడితే ఎందుకు పరామర్శించలేదని ప్రళయదినాన అల్లాహ్ దాసుణ్ణి అడుగుతాడు. సర్వలోకాల ప్రభువువు నీవు, నిన్నెలా పరామర్శించగలనని దాసుడు బిత్తరపోతాడు. ఫలానా దాసుడు జబ్బుపడ్డాడు, అతని దగ్గరకు వెళ్లి ఉంటే నన్ను అక్కడే పొందేవాడివి అన్న భావంతో జవాబు వస్తుంది. ఏ అవసరమూ లేనివాడు, అన్నీ చేసినవాడు, రోగి మంచం పక్కన దొరుకుతానంటున్నాడు. సృష్టికర్త శక్తిని ఇంతకన్నా దగ్గరగా ఎక్కడ చూడగలం?

ఇప్పుడు అవ్వ మొదటి ప్రశ్న: మీవాళ్ల సొమ్ము నేను తీసుకోవచ్చా? దాతలు దీన్ని శ్రద్ధగా వినాలి. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను సూరా తౌబా పేర్కొంది. అది ముస్లింలలోని అర్హులకే అన్నది ఎక్కువమంది ధర్మపండితుల నిర్ణయం. ఆ అమానత్‌ను మేము అలాగే కాపాడుతున్నాం. సదఖాకు ఆ హద్దు లేదు. మనతో పోరాడని వారిపట్ల సద్భావంతో, న్యాయంతో మెలగడాన్ని అల్లాహ్ వారించలేదని సూరా ముమ్‌తహినా చెబుతుంది. అవ్వకు ఇచ్చిన మందులు సదఖా ఖాతా నుంచే ఇచ్చాం.

కానీ ఆ ఖాతా త్వరగా ఖాళీ అవుతోంది. రంజాన్‌లో జకాత్ అందుతుంది, అల్‌హమ్‌దులిల్లాహ్. ఆ తర్వాత పొరుగింటివారు తలుపు తడితే మేము పెట్టె అడుగు వెతుక్కోవలసి వస్తోంది. అందుకే మా విన్నపం: జకాత్‌ను లెక్క ప్రకారం ఇవ్వండి. దానితోపాటు నెలనెలా ఎంతో కొంత సదఖా అని రసీదులో విడిగా రాయించండి. పది రూపాయలైనా సరే. మన చేతిలోని ధనానికి అల్లాహ్ మనల్ని ప్రతినిధులుగా మాత్రమే చేశాడని సూరా హదీద్ గుర్తుచేస్తుంది. సొమ్ము "మీవాళ్లది" కాదు, మాదీ కాదు. అవ్వను చేసినవాడిదే.

ఆమె ఈసారి శిబిరానికి వస్తే రెండు ప్రశ్నలకూ జవాబు చెబుతాం. మందుల బల్ల మీద ఆమెకు కావలసినవి ఉండేలా చూడటం మనందరి పని. అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక, మీ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.