జట్టులో చివరి పేరు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



పుస్తకముల పండుగనాడు కర్రయు బంతియు గల ఆటను గూర్చి ప్రసంగమేమని కొందఱు శంకింపవచ్చును. కాని పఠనమందిరమునకు ప్రొద్దున పత్రిక వచ్చిన తోడనే పదిమంది చేతులు ముందుగా పోవునది క్రీడల పుట మీదికే యని చందాదారు లెల్లరు నెఱుగుదురు. క్రికెట్టు మాట హెచ్చుగా వినబడు ఊళ్ళలో సైతము హాకీ అభిమాని ఒకడో ఇద్దఱో యుందురు. జాతీయ జట్టు ప్రకటింపబడిననాడు అట్టివాని వేడి చూడవలెను. "వాని నేల తీసికొనిరి? వీని నేల విడిచిరి?" అని అతడు కేకవేయగా, నిశ్శబ్దము పాటింపుడని గోడమీద వ్రాసిన అక్షరములు చిన్నబోవును.

ఆ అభిమాని పలుకులలో కొంత నిజము, కొంత పక్షపాతము కలసియుండును. ఆ రెంటిని వేఱుచేసి చూచుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

అభిమాని మొదట చూచునది మొదటి పేరు. నాయకు డెవ్వడు? గోళ్ళు చేయువా డెవ్వడు? ఎంపిక చేసినవారి బుద్ధిబలము మాత్రము అచ్చట తెలియదు. ధ్యాన్‌చందు వంటివానిని ఎంచుటకు ఏ సంఘమును అక్కఱలేదు. బంతిని చూచిన బాలుడును ఎంచగలడు. చెరువు తూము తీసినపుడు తొలి మడికి నీరు వచ్చుట నీరుగంటి గొప్పతనము కాదు. ఆయకట్టు చివరనున్న మడి తడిసినదా లేదా యని చూచి గదా రైతులు వానిని మెచ్చుకొందురు, తిట్టుదురు. జట్టు జాబితాయు నట్టిదే. చివర వ్రాయబడిన పేరు ఎవ్వరిది, ఏ న్యాయమున వ్రాయబడినది అను దానిని బట్టి ఎంపిక మంచిచెడ్డలు నిర్ణయింపవలెను. హాకీ చరిత్రలో ఈ మాటకు సాక్ష్యములు పెక్కు గలవు.

మన దేశమున హాకీ సమాఖ్య 1925వ సంవత్సరమున గ్వాలియరులో ఏర్పడెను. 1928లో ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్ క్రీడలకు జట్టును పంపవలసి వచ్చినపుడు కలకత్తాలో రాష్ట్రములకు రాష్ట్రములకు పోటీలు పెట్టి, ఆటను కన్నులార చూచి, ఆటగాండ్రను ఏరిరి. ఆ జట్టు ఐదు పందెములాడి 29 గోళ్ళు చేసెను. తనపై ఒక్క గోలైనను పడనీయలేదు. అందు 14 గోళ్ళు ధ్యాన్‌చందువి. పరీక్షించి ఎంచిన ఎంపికకు ఇంతకంటె ప్రశంసాపత్ర మేమి కావలెను?

1932లో లాస్ ఏంజిలిస్ ప్రయాణమునకు మరల అట్టి పోటీలే జరిగెను. అప్పుడు ధ్యాన్‌చందునకు సైన్యమున సెలవు దొరకలేదు. పరీక్షలో కనబడనివానిని ఎట్లు ఎంచుట? నియమమును అక్షరమునకు పట్టుకొన్నచో అతడు ఇంట నుండవలసినదే. సంఘము అతనిని పోటీ లేకయే తీసికొనెను. అమెరికాపై భారతజట్టు 24–1 తో గెలిచెను. అందు ధ్యాన్‌చందు 8, అతని తమ్ముడు రూప్‌సింగు 10 గోళ్ళు చేసిరి. నిరూపితమైన యోగ్యత యెదుట నియమము కొంత వంగవచ్చును. చుట్టరికము యెదుట, సిఫారసు యెదుట వంగరాదు. ఈ భేదము నెఱుగనివాడు ఎంపిక పీఠమున కూర్చుండ దగడు.

1936 బెర్లిను కథ మఱింత బోధకరము. ధ్యాన్‌చందు అప్పుడు నాయకుడు. అసలు పందెములకు ముందు జరిగిన అభ్యాసపు ఆటలో జర్మనులు మనవారిని 4–1 తో ఓడించిరి. ఒలింపిక్సున ఓటమి యెఱుగని జట్టునకు అది చెంపదెబ్బ. గర్వముగలవారు "అది ఉత్త అభ్యాసమే గదా" యని త్రోసివేసియుందురు. వారట్లు చేయలేదు, ముందువరుసలో లోపమున్నదని ఒప్పుకొని, అలీ ఇక్తిదార్ షా దారాను పంపుడని స్వదేశమునకు తంతి కొట్టిరి. దారా విమానమున వచ్చి సెమీఫైనలునకు అందుకొనెను. ఆగస్టు 15న జరిగిన ఫైనలులో అదే జర్మనీపై మనవారు 8–1 తో గెలిచిరి. ఆ దారాయే దేశవిభజన పిమ్మట 1948లో పాకిస్తాను జట్టునకు నాయకుడయ్యెను. మొదటి పట్టికను దిద్దుకొనుట అవమానము కాదని ఈ వృత్తాంతము చెప్పుచున్నది.

ఇక 1948. బల్బీర్ సింగు పేరు మొదట అభ్యాస శిబిరమునకు పిలువబడినవారిలో లేదు, తరువాత చేర్చబడెను. లండనులో అర్జెంటీనాపై అతడు ఆడిన తొలి ఆటలోనే 6 గోళ్ళు చేసెను. అంత చేసినవానిని ఆ తరువాతి ఆటలలో కూర్చుండబెట్టిరి! హాకీ అభిమాని నేటికిని ఈ సంగతి తలచి పండ్లు కొఱుకును. ఆగస్టు 12న వెంబ్లీలో ఫైనలు. ఎదుట నిలిచినది నిన్నటిదాక మనల నేలిన బ్రిటను. అప్పుడు బల్బీరును దింపిరి. మొదటి రెండు గోళ్ళును అతనివే. భారతము 4–0 తో గెలిచెను. స్వాతంత్ర్యము వచ్చి ఏడాది నిండుటకు మూడు దినములు తక్కువ. నాలుగేండ్లకు హెల్సింకీ ఫైనలులో మనజట్టు చేసిన ఆఱు గోళ్ళలో ఐదు అతనివి. 1956లో అతడే నాయకుడు. పిలుపు లేని పేరు నాయకస్థానము నెక్కెను.

ఇచట భారతకథ జ్ఞప్తికి రాక మానదు. ఉద్యోగపర్వమున దుర్యోధనుడు తన సేనలోని రథికులను, అతిరథులను ఎన్నుమని భీష్ముని వేడెను. భీష్ముడు ఒక్కొక్కరినే వర్ణించి, కర్ణుని వంతు వచ్చినపుడు నిండుసభలో అర్ధరథుడనెను. కర్ణుడు రోషించి, భీష్ముడు పడువఱకు ఆయుధము పట్టనని ప్రతిన పూనెను. పది దినముల యుద్ధము కర్ణుడు లేకయే గడచెను. భీష్ముని లెక్కకు అతని కారణము లతనికి కలవు. కాని లెక్క చెప్పిన తీరు కౌరవులకు ఎంత నష్టము తెచ్చినదో చూడుడు. ఎవ్వరిని విడిచిరన్నది ఒక ప్రశ్న. విడువబడినవానితో ఏమి చెప్పిరన్నది రెండవ ప్రశ్న. "నీవు పనికిరావు" అనుట వేఱు, "నీ వంతు రాగలదు, కర్ర చేతనుంచుకొనుము" అనుట వేఱు. మొదటి మాట విన్నవాడు ఇంటికి పోవును. రెండవ మాట విన్నవాడు ఫైనలునాడు గోలు చేయును.

1975 మార్చిలో కౌలాలంపూరున ప్రపంచ కప్పు పందెములు జరిగినవి. సెమీఫైనలులో ఆతిథేయులైన మలేషియావారు 2–1 తో ముందున్నారు; కాలము ముగియవచ్చినది. అప్పుడు బయట కూర్చున్న అస్లం షేర్ ఖానును లోపలికి పంపిరి. పెనాల్టీ కార్నరు దొరకినది. మెడలోని తాయెత్తును ముద్దాడి అతడు బంతిని కొట్టెనని ప్రసిద్ధి. గోలు! లెక్క సమమయ్యెను. అదనపు సమయమున హర్‌చరణ్ సింగు గోలుతో భారతము 3–2 తో నెగ్గెను. మార్చి 15న పాకిస్తానును 2–1 తో ఓడించి కప్పు తెచ్చిరి. గెలుపు గోలు చేసిన అశోక్ కుమారు ధ్యాన్‌చందు కుమారుడు. అస్లం తండ్రి అహ్మద్ షేర్ ఖాను 1936 బెర్లిను జట్టులోనివాడు. తండ్రుల పేరు వీరిని వాకిలి దాక తెచ్చియుండవచ్చును గాని, బంతిని గోలులోనికి పంపినది ఆ పేరు కాదు.

పిమ్మట కాలము మాఱినది. 1976 మాంట్రియలు ఒలింపిక్సున పచ్చిక పోయి కృత్రిమపు నేల వచ్చెను. భారతము ఏడవ స్థానమునకు దిగెను. 1980లో మాస్కోలో స్పెయినుపై 4–3 తో స్వర్ణము వచ్చినను, 1986 ప్రపంచ కప్పులో అందఱికంటె కడపట నిలిచితిమి. 2008 ఒలింపిక్సునకు అర్హతయే దొరకలేదు. "ఆ మణికట్టు విద్య ఏది, ఆ మెలికలు ఏవి?" యని పాతకాలపు అభిమాని వగచును. వగపు న్యాయమే. కాని నేల మాఱిన పిదప విత్తు మార్చని సేద్యము ఫలించునా? నేటి ఆట పదునైదేసి నిమిషముల నాలుగు భాగములు. ఎన్నిమార్లైనను మనుష్యులను మార్చుకొనవచ్చును. ఇట్టి ఆటలో పదునొకండుగురు వీరులుండిన చాలదు. బయటనుండి వచ్చువాడును లోపలివానితో సమానుడు కావలెను. కావున చివరి పేరునకు విలువ మునుపటికంటె పెరిగినదే గాని తఱుగలేదు.

దీనికి నిదర్శనము టోకియో. ఆ ఒలింపిక్సునకు ఎంచిన పదునాఱుగురిలో సిమ్రన్‌జీత్ సింగు లేడు; అతడు అదనపు ఆటగాడు మాత్రమే. కరోనా వ్యాధి కారణముగా నియమము సడలించి, అదనపువారిని కూడ ఆడింప వచ్చుననిరి. 2021 ఆగస్టు 5న కంచుపతకమునకై జర్మనీతో పందెము. మనవారు 1–3 తో వెనుకబడి, తుదకు 5–4 తో గెలిచిరి. 41 ఏండ్ల తరువాత వచ్చిన ఆ ఒలింపిక్ పతకపు ఆటలో ఐదు గోళ్ళలో రెండు సిమ్రన్‌జీతువి. పదునాఱు పేర్లకు వెలుపలనున్నవాడు!

2024 ప్యారిసులో మరల కంచుపతకము వచ్చెను; అది గోల్ కీపరు శ్రీజేషునకు చివరి పందెము. అచ్చట అదనపు ఆటగాడుగా నుండినవాడు కృష్ణ బహదూర్ పాఠక్ అను మఱియొక గోల్ కీపరు. శ్రీజేషు విరమింపగా గోలు కాచు భారము పాఠక్ భుజమునకు వచ్చెను. 2025లో రాజ్‌గీరున ఆసియా కప్పును భారతము గెలిచెను. గోల్ కీపరు వెనుక నిలిచి వేచియుండుట మిగిలినవారి వేచుటకంటె కష్టము. ఫార్వర్డునకు ప్రతి ఆటలోను కొన్ని నిమిషములైన దొరకును; రెండవ గోల్ కీపరునకు సంవత్సరములు గడచినను దొరకకపోవచ్చును. చిత్తూరు సీమలో పుట్టిన ఎతిమరపు రజని భారత మహిళల జట్టున సవిత వెనుక పెక్కేండ్లు అట్లు నిలిచినది. పత్రికలలో ఆమె పేరు పెద్ద అక్షరములతో కనబడుట అరుదు. తెలుగు అభిమానులు తెలిసికొని గౌరవింపదగిన పేరు అది.

ఇంతవఱకు ఎంపిక చేయువారి సంగతి. ఇక అభిమాని తప్పులను కూడ జమాఖర్చులో వేయవలెను. మొదటిది స్వస్థలాభిమానము. హైదరాబాదు నుండి వచ్చిన ముకేశ్ కుమారు 1992, 1996, 2000 మూడు ఒలింపిక్సులలో ఆడెను. తెలుగువారు పొంగుట సహజము. కాని అతడు తన ఆటచే ఆడెను గాని మన పొంగుచే ఆడలేదు. "మనవాడు లేడు గనుక జట్టు చెడ్డది" అనువాడు ఆటకు అభిమాని కాడు, తన ఊరికి అభిమాని. రెండవ తప్పు గోళ్ళను మాత్రమే లెక్కించుట. బంతిని అందించినవాడు, వెనుకనుండి అడ్డగించినవాడు లెక్కలోనికి రారు. పంట కోసినవాని పేరు వ్రాసి గట్టు వేసినవానిని మఱచినట్లుండును. మూడవ తప్పు, ఓడిననాడు ఒక్కని మీద నింద మోపుట. 1968 మెక్సికోలో పృథిపాల్ సింగు, గురుబక్షు సింగు ఇద్దఱను ఉమ్మడి నాయకులుగా ప్రకటించిరి. అంతకు ముందు ఆడిన ఒలింపిక్సులలో ఎన్నడును రెండవ స్థానమునకు దిగువ నిలువని మనజట్టునకు నాడు కంచుపతకమే దక్కెను. ఒక బండికి ఇద్దఱు సారథు లేలయని అడుగుట న్యాయము. ఓటమి యంతయు ఆ ఇద్దఱి తలపై రుద్దుట అన్యాయము. ఇద్దఱును సమర్థులే, ఆ ఏర్పాటు మాత్రము మంచిది కాదు.

సభాసదులారా! జాతీయజట్టును ఎంచు అధికారము ఈ సభలో నెవ్వరికిని లేదు. కాని ప్రతి గ్రామమునను ఎంపికలు జరుగుచునే యున్నవి. బడి పిల్లల ఆటలజట్టు, ఉత్సవమున పద్యము చదువు బాలిక, నాటకమున వేషము కట్టు యువకుడు, గ్రంథాలయ కార్యవర్గము, ఇవన్నియు ఎంపికలే. పెద్దలు పేర్లు వ్రాయునపుడు మొదటి నాలుగైదు పేర్లు చేయి ఆగకుండ వ్రాయును. చివరి పేరు వద్ద కలము ఆగును. అచ్చటనే ఎవ్వరి కుమారుడో, ఎవ్వరి మేనల్లుడో మనసులో మెదలును. ఆ క్షణమున మైదానపు అంచున, కర్ర చేతబట్టుకొని, ఎవ్వరి అండయు లేక నిలిచిన పిల్లవానివైపు ఒక్కమాఱు చూడవలెను. అతడు ఆడునా యని అడిగి, ఆడించి చూచి, పేరు వ్రాయవలెను. వ్రాయ వీలుకానిచో పిలిచి, కారణము చెప్పి, మరునాడు రమ్మనవలెను.

ఆ పిల్లవాడు మరునాడు వచ్చునట్లు చేయగలిగినచో ఎంపిక సక్రమముగా జరిగినట్లే.