మిజాజ్, చిన్న మెదడు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్ళల్లో “అబ్బాయి మిజాజ్ బాగాలేదు” అంటుంటాం. పూర్వం హకీములు మిజాజ్‌ను రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం, ఈ నాలుగింటి పాళ్ళను బట్టి చెప్పేవారు. నేటి శాస్త్రజ్ఞులు అదే ప్రశ్నను పట్టుకుని మెదడు కణాల్లోని ప్రోటీన్ల దాకా వెళ్ళారు.

తల వెనుక, మెడకు కాస్త పైన చిన్న మెదడు ఉంది. మొత్తం మెదడు బరువులో ఇది పదో వంతు. అయినా 2009లో లెక్కకడితే, సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో 6,900 కోట్లు ఇందులోనే ఉన్నాయని తేలింది. తూలకుండా నడవడం, సూదిలో దారం ఎక్కించడం, దీని పని ఇంతేనని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. 1998లో అమెరికాలో ష్మామన్, షెర్మన్ అనే ఇద్దరు, చిన్న మెదడు దెబ్బతిన్న 20 మంది రోగులను గూర్చి రాశారు. వారిలో కొందరి స్వభావమే మారింది. ముభావంగా అయిపోవడం, లేదా సమయం సందర్భం లేని చేష్టలు!

ఈ చిన్న మెదడులో పుర్కింజీ కణాలని ఉన్నాయి. 1837లో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త వర్ణించాడు. కొమ్మలు విసనకర్రలా పరచుకున్న చెట్టనుకోండి. ఒక్కో కణానికి లక్షకు పైగా చోట్ల కబుర్లు అందుతాయి. అది బయటికిచ్చే ఆజ్ఞ మాత్రం ఒక్కటే, “ఆగు” అని.

ప్రోటీన్లంటే పప్పు, గుడ్డు అని పిల్లలు ఠక్కున చెప్తారు. నిజమే. కాని మేము చెప్పేవి కణం తన జన్యువుల ప్రకారం తానే తయారుచేసుకునేవి. గుడ్లు ఎక్కువ తిన్నంత మాత్రాన ఇవి పెరగవు. హామార్టిన్ అనేది అలాంటిది. కణం హద్దుమీరి పెరగకుండా పట్టే బ్రేకులో అదొక భాగం. 2012లో ఎలుకల పుర్కింజీ కణాల్లో మాత్రమే దాని జన్యువును తీసేసి చూశారు. ఆ ఎలుకలు తోటి ఎలుక మీద ఆసక్తి చూపలేదు, ఒళ్ళు అదేపనిగా దువ్వుకున్నాయి, నేర్చిన దారి మార్చితే కొత్తది పట్టుకోలేకపోయాయి. జన్యువు జంటలో ఒకటే పోయిన ఎలుకలకు నడక బాగానే ఉంది, ప్రవర్తన మాత్రం మారింది. పసితనంలోనే రాపమైసిన్ అనే మందు ఇచ్చినవాటిలో ఈ తేడాలు రాలేదు.

2022లో ఇంకొకటి బయటపడింది. డోపమైన్ కబురు అందుకునే ఒక ప్రోటీన్‌ను ఆ కణాల్లో పెంచినా తగ్గించినా ఎలుకల కలివిడితనం మారిందట.

ఎలుక మనిషి కాదండీ. హామార్టిన్ జన్యువు చెడితే మనుషుల్లో ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జబ్బు వస్తుంది. ఆ పిల్లల్లో చాలామందికి మూర్ఛలు, దాదాపు సగంమందికి ఆటిజం ఉంటాయి. రాపమైసిన్ జాతి మందు ఒకటి ఈ జబ్బులో మూర్ఛలను తగ్గిస్తోంది. కాని పిల్లల తెలివితేటలు, ప్రవర్తన మెరుగవుతాయేమోనని పరీక్షిస్తే స్పష్టమైన మేలు కనబడలేదు. ఎలుకల్లో కూడా ఆలస్యంగా మొదలుపెడితే కలివిడితనం తిరిగి రాలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, నలుగురిలో కలవని పిల్లాణ్ణి మనలో కొందరు మొండివాడంటారు, కొందరు గాలి సోకిందంటారు, ఎక్కువమంది తల్లి పెంపకాన్ని అంటారు. మా ఉపాధ్యాయుల్లో బెత్తం అందుకునేవారూ ఉన్నారు. కణంలో ఒక ప్రోటీన్ లోపిస్తే బెత్తం దాన్ని తయారుచేయదు గదా! అలాగని ప్రతి అల్లరిపిల్లాడికీ జబ్బు అంటగట్టమనీ కాదు.

పసిబిడ్డ ఒంటిమీద ఆకు ఆకారంలో తెల్లమచ్చలు మూడు నాలుగు కనబడి, ఫిట్స్ కూడా వస్తుంటే మాత్రం పిల్లల డాక్టరుకు వెంటనే చూపించండి. మచ్చల సంగతి మీరే ముందు చెప్పండి. ఫిట్స్ హడావిడిలో వాటిని ఎవరూ అడగకపోవచ్చు.