రాతిని పట్టుకున్న ప్రాణి

విశాఖ తీరంలో ఆటు సమయాన నీరు వెనక్కి తగ్గినప్పుడు, బండల మీద పచ్చటి అంచున్న చిప్పలు గుత్తులుగా కనిపిస్తాయి. ఇవి పచ్చ మస్సెల్స్, ఆల్చిప్పల బంధువులు. కేరళలో కల్లుమ్మక్కాయ అంటూ ఇష్టంగా తింటారు.

అంతంత కెరటాలు కొడుతున్నా ఇవి ఊడిపోవెందుకు? మస్సెల్‌కు నాలుక లాంటి పాదం ఒకటి ఉంటుంది. దాన్ని రాతికి అదిమి, పాదంలోని సన్నని గాడిలోకి ప్రోటీన్ ద్రవం వదులుతుంది. నిమిషాల్లో అది గట్టిపడి దారమవుతుంది. ఆ దారం కొసన ఉండే జిగురులో డోపా అనే అమైనో ఆమ్లం ఉంది. తడి రాతికి అంటుకునే బలం చాలావరకు దానిదే. తడిసిన గాయాలను అతికించే జిగురు కోసం శాస్త్రవేత్తలు దీన్ని పరిశీలిస్తున్నారు. ఈ ప్రాణిలో నాకు అన్నిటికన్నా అద్భుతంగా తోచేది ఇదే.

అదే పట్టు మనుషులకు చిక్కులూ తెస్తుంది. కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రానికి సముద్రపు నీరు తెచ్చే సొరంగంలో ఇవి దట్టంగా పేరుకున్నాయి.

ఎదిగిన మస్సెల్ గంటకు లీటర్ల కొద్దీ నీటిని మొప్పలతో వడకట్టి, అందులోని సూక్ష్మజీవులను తింటుంది. గుత్తుల సందుల్లో చిన్న పీతలు, నత్తలు, పురుగులు తలదాచుకుంటాయి. అయితే నీటితోపాటు మురుగులోని క్రిములు, సీసం, కాడ్మియం వంటి లోహాలూ మస్సెల్ ఒంట్లో చేరతాయి. అందుకే 1970ల నుంచి చాలా దేశాలు మస్సెల్స్‌ను పరీక్షించి సముద్ర కాలుష్యాన్ని అంచనా వేస్తున్నాయి.

కాబట్టి ఓడరేవుల్లో, మురుగు కాలువలు కలిసేచోట ఏరిన మస్సెల్స్‌ను దయచేసి తినకండి.