ఆకాశమునుండి దిగు త్రాడు

(మన సంఘ వారపు సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



ఆపదలో చిక్కినవారిని హెలికాప్టరులతో కాపాడు సైనికులను గూర్చియు, మంటలతో పోరాడు వారి సహచరులను గూర్చియు నాలుగు మాటలు చెప్పదలచితిని. ఇది మనకు దూరపు విషయము కాదు. అరక్కోణము 2019 వరకు మన వేలూరు జిల్లాలోనిదే. నేడు రాణిపేట జిల్లాలో నున్నది. అచ్చట 1992 మార్చి 11వ తేదీన నౌకాదళమువారి రాజాళి వైమానిక స్థావరము ప్రారంభమైనది. నౌకాదళపు హెలికాప్టరు చోదకులు శిక్షణ పొందునది అచ్చటనే. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళము 4వ పటాలము కూడ అరక్కోణముననే కలదు. 2015 డిసెంబరులో చెన్నై విమానాశ్రయము నీట మునిగినపుడు, కొన్ని పౌర విమానములు ఈ స్థావరము నుండియే నడచినవి.

వైమానిక స్థావరములలో చోదకుల పేరు వినబడును. అగ్నిమాపకుల పేరు వినబడదు. విమానము లేచునపుడును దిగునపుడును వారు బండ్లతో సిద్ధముగా నుందురు. కూలిన విమానమునకు నిప్పంటుకొనినచో లోనివారిని వెలికిదీయుటకు నిమిషములే గడువు. అందుచేతనే 1960లలో వియత్నాము యుద్ధకాలమున, దక్షిణ వియత్నాము, థాయిలాండు స్థావరములలో అమెరికా వైమానిక దళమువారు 'హస్కీ' యను చిన్న హెలికాప్టరును సిద్ధముగా నుంచిరి. దాని క్రింద సుమారు 1000 పౌనుల బరువుగల నురుగు పరికరము వ్రేలాడెడిది. ఆ పరికరమును, అగ్నిమాపకులను మంట సమీపమున దింపి, హెలికాప్టరు తన రెక్కల గాలిని మంటపైకి త్రోయును. పొగయు సెగయు ఆవలికి తొలగిన సందులో వారు నురుగు చిమ్ముచు విమానము చెంతకు చేరెడివారు. గాలి మంటను పెంచునని అగ్గిపెట్టెల పని ఎరిగిన గుడియాత్తమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. తెలిసి ప్రయోగించినచో అదే గాలి దారియు నిచ్చును.

మన దేశమున అడవి మంటలకు వైమానిక దళమువారు ఎం.ఐ.-17 హెలికాప్టరునకు పెద్ద బొక్కెనను వ్రేలాడదీసి, జలాశయమున ముంచి, మంటపై కుమ్మరించుచున్నారు. ఆ బొక్కెన సుమారు 3500 లీటర్లు పట్టును. 2024 మార్చిలో కూనూరు అడవి మంటలకు సూలూరు స్థావరపు హెలికాప్టరు ఇట్లే పనిచేసినది.

ఇక వరద మాట. 2021 నవంబరులో కౌండిన్య నది పొంగుట మన కన్నులార చూచినదే. ఆ నెల 19వ తేదీన పేర్ణాంబట్టులో ఇంటి గోడ కూలి 9 మంది మరణించిరి. ఆ దినముననే అనంతపురము జిల్లాలో చిత్రావతి నడుమ చిక్కిన 10 మందిని వైమానిక దళపు హెలికాప్టరు కాపాడినది. కారులో చిక్కినవారిని రక్షింపబోయి, తామును చిక్కుకొనినవారు ఆ పదిమందిలో నుండిరి. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. నదిలో నిలిచినవారు పైనుండి కనబడుదురు. కూలబోవు గోడ క్రింద నిదురించువారు ఏ హెలికాప్టరునకును కనబడరు. నానిన మట్టిగోడల ఇంటినుండి ప్రక్కవారిని ముందుగా లేపి తరలింపవలసినవారము మనమే.

మరియొక మాట. 2013 జూన్ 25వ తేదీన ఉత్తరాఖండ వరదలలో గౌరీకుండము చెంత సహాయ హెలికాప్టరు కూలి 20 మంది ప్రాణములు కోల్పోయిరి. 2024 సెప్టెంబరు 2వ తేదీ రాత్రి గాయపడిన నావికుని తెచ్చుటకు బయలుదేరిన తీరరక్షక దళపు హెలికాప్టరు పోరుబందరు చెంత సముద్రమున పడెను. అందలి నలుగురిలో ముగ్గురు మరణించిరి. త్రాడు దిగుమని మనము వేడునపుడు వారి ప్రాణములను కూడ పణముగా అడుగుచున్నాము. "ఇంకను నీరు గడప దాటలేదు కదా, మగ్గమును విడిచి ఎట్లు పోదును?" అని కూర్చుండి, తుదకు మేడ యెక్కి చేయి యూపుట ధైర్యము కాదు. మగ్గమును మరల నిలుపవచ్చును. పెనుగాలిలో, చీకటిలో హెలికాప్టరు రాలేకపోవచ్చును కూడ.

అంతటి జాగ్రత్త పడినను ఆపద వచ్చినచో 112 నకు గాని, జిల్లా విపత్తు కార్యాలయపు 1077 నకు గాని తెలుపుడు. సైన్యసహాయమును కోరువారు అధికారులే. హెలికాప్టరు వచ్చునపుడు ఈ నియమములు మరువరాదు. మేడపై రేకులు, బట్టలు, చాపలు ఉండరాదు. రెక్కల గాలికి అవి కత్తులవలె ఎగురును. కరెంటు తీగలకు దూరముగా నుండుడు. పైనుండి దిగు కొక్కెమును అది నేలనో నీటినో తాకువరకు ముట్టకుడు. దానియందు విద్యుత్తు చేరియుండును. పట్టీని చంకల క్రింద వేసినపిదప చేతులు పైకెత్తకుడు, ఎత్తినచో జారిపడుదురు. నేలపై దిగిన హెలికాప్టరును వెనుకనుండి సమీపింపకుడు. తోకరెక్క తిరుగునపుడు కంటికి కనబడదు. సైనికుడు చేయి యూపువరకు కదలకుడు.

ఆ హోరులో తెలుగైనను, అరవమైనను, హిందీయైనను వినబడదు. కావున ఈ మాటలను ఇంటిలోని ముసలివారికిని, పిల్లలకును వారెరిగిన తెలుగులో ముందే చెప్పియుంచవలెను. ఎవరు ముందెక్కవలెనను తగవు మేడపై పుట్టరాదు. రోగులు, గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు ముందు, బలముగలవారు తుదకు. ఈ వరుసను నేడే ఇంటింట నిర్ణయించుకొనుడు.

వానలకు ముందు ప్రతి వీథికి ఇద్దరు యువకులు ముందుకు వచ్చి, నడువలేని వారెవరు, మట్టిగోడల ఇండ్లేవి అను పట్టిక వ్రాసి సంఘమున నుంచవలెనని కోరుచున్నాను. ఆ పట్టిక మన చేత నున్ననాడు ఆకాశమువైపు చూడవలసిన అక్కర చాలవరకు తగ్గును.